మద్ది చెట్టుకు ఎర్ర గీత

మారేడుమిల్లి వెళ్లొచ్చానంటే చాలు, జలపాతం చూశారా, బొంగులో చికెన్ తిన్నారా అని అడుగుతున్నారు అందరూ. స్కూల్లో స్టాఫ్ రూములో అడిగారు, చర్చిలో అడిగారు, చివరికి పాలు పోసే ఆవిడ కూడా అడిగింది. మేము జలపాతం చూడలేదు. చికెన్ ఆర్డరిచ్చాం గానీ తినలేదు. మధ్యాహ్నమంతా అడవిలో ఒక్క చెట్టు దగ్గరే ఉండిపోయాం. ఆ సంగతి అడిగినవాళ్లందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పలేక ఇలా మొత్తం రాసి పెడుతున్నాను.

మా నాన్న పేరు యాకోబు. పడవలు కట్టే మేస్త్రి. పాలకొల్లు నుంచి నరసాపురం దాకా, ఆ కిందికి సముద్రం మొగ దాకా ఆయన కట్టిన చెక్క పడవలు తిరిగాయి. ఫైబర్ బోట్లు వచ్చాక పని తగ్గింది, తరువాత పూర్తిగా ఆగింది. బాడిశ, ఉలి, రంపం అన్నీ గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేశాడు. కిందటేడు నుంచి గుమ్మాలకు భుజాలు కొట్టుకోవడం, పక్కన నిలబడ్డ మనిషిని చూడకపోవడం మొదలైంది. రాజమండ్రిలో చూపిస్తే నీటికాసులన్నారు. చూపు నాలుగు పక్కల నుంచీ మూసుకుపోతోందట. ఇప్పుడు ఆయనకు కనిపించేది వెదురుబొంగులోంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంతే. "పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నది కూడా ఎంతకాలమో చెప్పలేం. ఆయనకి ఏదైనా చూపించాలనుకుంటే ఇప్పుడే చూపించండి" అన్నారు డాక్టరుగారు.

ఆ మాట ఇంటికొచ్చి ఆయనతో చెప్పడానికి నాకు వారం పట్టింది. చెప్పి, ఏం చూడాలనుంది నాన్నా అని అడిగాను. నాగపూర్‌లో ఉన్న మా తమ్ముడి పిల్లల్ని అంటాడనుకున్నాను. రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు అన్నం తింటూ చెప్పాడు.

"మద్ది చెట్టు చూడాలమ్మా. నిలబడున్నది."

"చెట్టేంటి నాన్నా?"

"నలభై ఏళ్లు మద్ది కోశాను. దూలాలు చెక్కాను. అది పడుకునుండగానే చూశాను తప్ప నిలబడుండగా ఒక్కసారి చూళ్లేదు. డిపోకి వచ్చేసరికే తోలు ఒలిచేసుండేది. దాని మొహం ఎలాగుంటుందో నాకు తెలీదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. డిసెంబరు మొదటి శనివారానికి కారు మాట్లాడాను. ఆ రోజు చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు ఉంది, నేర్పించేది నేనే. రానని చెప్పేశాను.

రావులపాలెం

చీకటుండగానే బయల్దేరాం. నేను దేనికైనా కాగితం మీద రాసుకుని బయల్దేరే మనిషిని. ఎక్కడ టిఫిను, ఎన్నింటికి ఏ ఊరు, ఎన్నింటికి తిరుగు ప్రయాణం, అన్నీ రాసుకున్నాను. నాన్న నన్ను హెడ్మాస్టరమ్మ అంటాడు, నేను ఇంకా సెకండరీ గ్రేడు టీచర్నే అయినా.

రావులపాలెం చేరేసరికి మంచులో అరటి మార్కెట్టు నిండుగా ఉంది. గెలలు లారీలకెక్కుతున్నాయి. లైట్ల వెలుగులో పచ్చటి గెలలు గుట్టలుగా కనిపిస్తున్నాయి, వాటి మధ్య మనుషులు తలగుడ్డలు చుట్టుకుని కేకలేస్తున్నారు. కారు నడిపే వెంకట్రావుగారు టీ తాగుదామన్నారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. టీ గ్లాసు నాన్న చేతిలో జాగ్రత్తగా పెట్టి, "నన్ను గుర్తుపట్టలేదు కదండీ మేస్త్రిగారూ" అన్నారు.

నాన్న మొహం అటూ ఇటూ తిప్పి ఆయన్ని వెతికి పట్టుకుని చూశాడు. "గొంతు తెలుస్తుంది. మనిషి తెలీట్లేదు."

"అంతర్వేది దగ్గర పల్లెకారుల పేటండి మాది. మా నాన్నకి పడవ కట్టింది మీరేనండి. పదిహేడేళ్లు నీళ్ల మీదుందండి అది. ఒక్క చుక్క లోపలికి రాలేదు."

"నల్లమద్ది అడుగు దూలం. ముక్కు దగ్గర చిన్న ముడి ఉంటుంది, అదేనా?"

"అదేనండి!"

వెంకట్రావుగారు ఆ పడవ నీళ్లలోకి దింపిన రోజు సంగతి చెప్పారు. పడవ ముక్కుకి పసుపు రాసి, కుంకం పెట్టి, కోడిని తిప్పి గంగమ్మకు మొక్కుతుంటే, మా నాన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడట. పూజ అయ్యాక కొత్త పంచె పెట్టారట. మొదటి వేటలో పడ్డ పెద్ద చేప మేస్త్రి ఇంటికే పంపడం వాళ్ల ఆనవాయితీ. ఆ చేపలు నేను చిన్నప్పుడు చాలా తిన్నాను, ఎందుకొచ్చేవో తెలియకుండానే.

అప్పుడు చూశాను, నాన్న తెల్లచొక్కా జేబు దగ్గర ఎర్రటి మరక. చెయ్యి పెట్టి చూస్తే జేబులో చెక్క కండె, దానికి చుట్టిన జాజుదారం. చెక్క మీద కోత గీత పడడానికి వాడేది. ఎర్ర జాజులో నానబెట్టి, దూలం మీద బిగించి, మీటి వదిలితే తిన్నగా గీత పడుతుంది. పడవ మేస్త్రులు జాజుని ఉత్త నీళ్లలో కలపరు. తడిచెక్క మీద గీత చెరిగిపోకూడదని గుగ్గిలం కాచిన నూనెలో కలుపుతారు. అటక మీద నుంచి దాన్నెప్పుడు దింపాడో, ఎప్పుడు నానబెట్టాడో నాకు తెలియదు.

"ఇదెందుకు నాన్నా? ఉతికిన చొక్కా పాడుచేశావు" అన్నాను.

"పనికెళ్లేవాడు చేతులూపుకుంటూ పోతాడా?"

"ఇప్పుడు పనికెళ్తున్నామా?"

నాన్న దారం కొస కండెకి దోపాడు. కండెను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. లాక్కుని బ్యాగులో వేయాల్సింది. పోనీలే అనుకున్నాను.

గోకవరం

గోకవరంలో పెసరట్టు ఉప్మా తిన్నాం. ప్లేటు యాభై. పాలకొల్లులో ఇంతకంటే పెద్దదొస్తుంది, అల్లప్పచ్చడి మాత్రం ఇక్కడిదే బాగుంది. హోటలాయన ఎక్కడి నుంచండీ అని అడిగి, కోనసీమ దాటి వచ్చామని తెలిసి, "కింద చెట్లు చాల్లేదా అండీ, చెట్లు చూడ్డానికి కొండెక్కుతున్నారు" అని నవ్వారు.

ఆయన అన్నదాంట్లో నిజముంది. మా వైపు చెట్లకేం తక్కువ లేదు. కానీ మా చెట్లన్నీ ఎవరో ఒకరివి. ఎన్ని కాయలు కాస్తుంది, ఎవరి గట్టు మీదుంది, ఇవే మా మాటలు. కొబ్బరిచెట్టు కంటే ఎత్తయింది మా ఊళ్లో చర్చి గోపురం ఒక్కటే. తలెత్తి చూడాల్సిన చెట్టు నేనూ అప్పటిదాకా చూడలేదని అక్కడే గుర్తొచ్చింది.

గోకవరం దాటాక పొలాలు సన్నబడ్డాయి. జీడిమామిడి తోటలు వచ్చాయి, తరువాత దూరంగా కొండలు. నాన్న ముందు సీట్లో కూర్చుని అద్దానికి మొహం ఆనించి చూస్తున్నాడు. ఆయనకు కనిపించే ఆ చిన్న కంతలోంచి కారు వేగానికి ఏదీ నిలబడదు. "అదేంటమ్మా, ఇదేంటమ్మా" అని అడుగుతుంటే నేను చెబుతూ వచ్చాను.

మన్యం

రంపచోడవరం దాటాక చలి పెరిగింది. రోడ్డు మెలికలు తిరుగుతుంటే రెండు పక్కలా చెట్లు దగ్గరికొచ్చాయి. వెదురు పొదలు, వాటి వెనక పేర్లు తెలియని మాన్లు, వాటిని చుట్టుకుని మనిషి తొడంత లావున తీగలు. ఎండ కింద దాకా దిగడం లేదు. వెంకట్రావుగారు కారు మెల్లగా పోనిచ్చారు. మాటలు తగ్గిపోయాయి. ప్రార్థన మొదలవబోయే ముందు చర్చిలో ఎలా ఉంటుందో కారులో అలా ఉంది.

నాన్న మాత్రం లెక్కలు మొదలెట్టాడు. నేను ఒక చెట్టు ఇంత లావుంది అని చెబితే, "పొడుగెంత? కొమ్మ ఎక్కడ చీలింది?" అని అడిగి, "ముప్పాతిక పడవ" అంటాడు. ఇంకోదాన్ని "ఒకటింబావు" అన్నాడు. చెట్టంటే ఆయనకు పడవ లెక్కే.

మారేడుమిల్లిలో రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాలుస్తున్నారు. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద పెడతారు. నూనె వెయ్యరట. ఒక బొంగు చెప్పి, ఒంటిగంటకు వస్తామన్నాను. నా కాగితంలో భోజనం ఒంటిగంటకే ఉంది.

అక్కడే లచ్చిరెడ్డి కలిశాడు. కొండరెడ్ల మనిషి, నలభై ఏళ్లవాడు, వచ్చినవాళ్లను అడవిలో తిప్పి చూపిస్తుంటాడు. జలపాతానికి తీసుకెళ్తానన్నాడు. అది తరువాత, ముందు పెద్ద మద్దిచెట్టు చూపించమన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"మద్దిచెట్టు చూట్టానికి ఎవరూ రారండి. ఏం చేస్తారు దాంతో?"

"చూస్తారు" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

వాగు పక్క

కారు దిగి గంటసేపు నడిచాం. నేనొక చెయ్యి, వెంకట్రావుగారొక చెయ్యి పట్టుకుని నాన్నను నడిపించాం. మధ్యలో ఒక చోట నాన్న ఆగిపోయి ముక్కు ఎగబీల్చాడు. "ఇక్కడ పడవ వాసనొస్తుంది" అన్నాడు. నాకేమీ తెలియలేదు. లచ్చిరెడ్డి నవ్వి, పక్కనున్న చెట్టు మొదట్లోంచి గట్టిపడ్డ జిగురు ముద్ద ఒకటి గిల్లి ఆయన చేతిలో పెట్టాడు. గుగ్గిలం. పడవ పలకల మధ్య సందుల్లో దూది కూరి, గుగ్గిలం కాచి పోస్తారు. వెంకట్రావుగారి వాళ్లింట్లో దేవుడికి ధూపం వేసేదీ అదే. మా ఇంట్లో మాత్రం అది పడవ వాసనే. నాన్న ఆ ముద్దను వేళ్లతో నలిపి చాలాసేపు వాసన చూశాడు.

ఇంకొంచెం పోయాక వాగు చప్పుడు వినిపించింది. గట్టున ఒక నున్నటి మాను మీద నాన్న చెయ్యి వేసి, "ఇదే మద్ది" అన్నాడు ధీమాగా.

"అది కాదండి. అదిగో, మీ వెనకాలది" అన్నాడు లచ్చిరెడ్డి.

తిరిగి చూశాను.  నల్లటి మాను, దాని తోలంతా పలకలు పలకలుగా పగిలి మొసలి వీపులా ఉంది. ఎక్కడా వంకర లేకుండా పైకి పోయింది. తల వెనక్కి వంచి చూస్తే మెడ పట్టేసింది గానీ కొన కనిపించలేదు. నేనూ వెంకట్రావుగారూ చేతులు చాచి రెండు పక్కల నుంచి పట్టుకుంటే ఇంకా మూర మిగిలింది.

నాన్న దాని ముందు నిలబడి తల మెల్లగా పైకీ కిందికీ, అటూ ఇటూ తిప్పుతున్నాడు. చాలాసేపు తిప్పాడు. నేను సంతోషంగా ఉన్నానప్పుడు, ఇంత దూరం తీసుకొచ్చి చూపించగలిగానని. ఫోటో తీద్దామని ఫోను బయటకు తీశాను.

"కనిపించట్లేదమ్మా" అన్నాడు నాన్న.

"ఎదురుగానే ఉంది నాన్నా."

"ముక్క కనిపిస్తుంది. ఇటు తిరిగితే ఇంకో ముక్క. చెట్టు కనిపించట్లేదు."

 ఆయన కంటికి పట్టనంత పెద్ద చెట్టు దగ్గరికే ఆయన్ని తీసుకొచ్చాను. వెనక్కి జరిగితే చూపు ఆనదు, ముందుకెళితే తోలు తప్ప ఏమీ లేదు. ఇది ముందే ఆలోచించాల్సింది నేను.

ఎర్ర గీత

నాన్న జేబులోంచి కండె తీశాడు. "వెంకట్రావూ, ఈ కొన పట్టుకుని చుట్టూ తిరిగి రా. ఎంతుందో చూద్దాం" అన్నాడు. కంటితో పట్టనిది దారంతో పట్టుకుంటాడన్నమాట. నేను అడ్డం చెప్పలేదు. వెంకట్రావుగారు దారం పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగొచ్చారు. నాన్న రెండు కొనలూ కలిపి, రొమ్ము ఎత్తున సరిచేసి, బిగలాగి, బొటనవేలితో మీటాడు. పక్కకు జరిగి మళ్లీ మీటాడు. అలా చుట్టూ నాలుగైదు చోట్ల మీటాడు. కొలతకు మీటాల్సిన పనేం లేదు. నలభై ఏళ్ల అలవాటు, దారం బిగిస్తే వేలు ఊరుకోదు.

దారం తీశాక చూస్తే చెట్టు నడుముకు మొలతాడు కట్టినట్టు ఎర్రటి గీత.

అప్పుడే వెనక నుంచి కేక వినిపించింది. విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని వాగు దాటి వస్తున్న ముసలమ్మ మోపు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. గీతను చూసింది, మమ్మల్ని చూసింది, చెట్టు మొదట్లో కూలబడింది.

"మార్కేశారు! దీనిక్కూడా మార్కేశారు! ఓరి లచ్చిగా, నువ్వు దగ్గరుండి ఏయించావా?"

లచ్చిరెడ్డి ఆమెకు సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు. పేరు సోమమ్మ, లచ్చిరెడ్డికి మేనత్త అవుతుందట. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పక్కనున్న చెట్లకు ఇలాగే రొమ్మెత్తున చుట్టూ ఎర్రరంగు గీశారట. ఏంటో అనుకున్నారట వీళ్లు. నెల తిరిగేసరికి గీత పడ్డ చెట్టు ఒక్కటీ లేదట.

"గీత ఏశారంటే మిషను వస్తది. మీరు గీసి పోతారు, ఆళ్లు కోసుకుపోతారు. ఎండల్లో మేం ఏం తాగాలి?"

నాకు అర్థం కాలేదు. చెట్టుకీ తాగడానికీ ఏంటి సంబంధం అని లచ్చిరెడ్డిని అడిగాను. ఆయన మాను మీద ఒక చోట ఉబ్బెత్తుగా ఉన్న బుడిపె చూపించాడు. దాని మీద పాత గాటు ఉంది, చుట్టూ తోలు మూసుకుంటోంది. వేసవిలో వాగు ఎండిపోతే అక్కడ చిన్న గాటు పెడితే నీళ్లు కారతాయట. కొంచెం వగరుగా ఉంటాయి గానీ తాగే నీళ్లేనట. కావలసినంత పట్టుకుని గాటు మూసేస్తారట. ఏ మద్దిలో నీళ్లున్నాయో బుడిపె చూసి చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఇద్దరే ఉన్నారు, అందులో సోమమ్మ ఒకరు.

ఇదంతా విని నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక నాన్న మీద వచ్చింది. "చెప్పానా లేదా ఆ దారం వద్దని? ఎక్కడికెళ్లినా నీ మేస్త్రితనమే! ఇక్కడ నిన్ను పడవ కట్టమన్నారా ఎవరైనా?" అని అందరి ముందూ అరిచాను. వద్దని నేను గట్టిగా చెప్పనే లేదు. చెప్పినట్టు అరిచాను. ఇప్పటికీ ఆ మాటలు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

నాన్న నన్ను పట్టించుకోలేదు. లచ్చిరెడ్డి వైపు తిరిగి, "మద్దిలో నీళ్లా?" అన్నాడు.

"అవునండి."

"ఏదీ, చూపించు బాబూ."

లచ్చిరెడ్డి ఆయన చెయ్యి పట్టుకుని బుడిపె మీద పెట్టాడు. నాన్న దాన్ని తడిమాడు, పాత గాటులో వేలు పెట్టాడు. చాలాసేపటికి అన్నాడు, "నీళ్లు లోపలికి రాకుండా చెయ్యడానికి ఈ చెక్క వాడాను. ఇది నీళ్లు కడుపులో పెట్టుకున్న చెట్టని ఎవరూ చెప్పలేదు నాకు."

తరువాత కిందికి కూర్చుని, సోమమ్మ గొంతు వచ్చిన వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. కొయ్యడానికి గియ్యలేదు. కళ్లు సరిగా కనపడవు, ఎంతుందో తెలుసుకుందామని చుట్టాను. నేనే తుడిచేస్తాను."

ఇప్పనూనె

వెంకట్రావుగారు వాగులోంచి బాటిలుతో నీళ్లు తెచ్చారు. పోసి రుద్దితే నీళ్లు జారిపోయాయి, గీత ఇంకా మెరిసింది. పోదు మరి. తడికి చెరగకూడదనే కదా నూనెలో కలిపింది. కత్తితో గీకేద్దామన్నాడు లచ్చిరెడ్డి. సోమమ్మా, నాన్నా ఒక్కసారే వద్దన్నారు.

"నూనె కావాలి. నూనెతో పట్టింది నూనెతోనే వదుల్తుంది" అన్నాడు నాన్న.

సోమమ్మ అప్పటిదాకా మా మీద అనుమానంగానే ఉంది. లేచి ఆయన మొహంలోకి వంగి చూసింది. కళ్ల ముందు చెయ్యి ఆడించి చూసింది. గబగబా వెళ్లిపోయింది. అరగంటకు చిన్న సీసాలో ఇప్పనూనె, ఒక పాత గుడ్డముక్క, ఆకులో చుట్టిన మూటా పట్టుకుని వచ్చింది. ఆ నూనె వాళ్లు కూరల్లోకి వాడుకునేది. ఇప్పపూల చెట్టు గింజలు ఏరి, ఆడించి తెచ్చుకుంటారు. ఏడాదికి ఎంతొస్తుందో నేను అడగలేదు. సీసాలో సగమే ఉంది.

మేమూ చెయ్యి వేస్తామంటే నాన్న ఒప్పుకోలేదు. "నా గీత. నేనే తుడవాలి." చెట్టుకు మొహం ఆనించి, వేలికి గుడ్డ చుట్టి, నూనెలో ముంచి ఒక్కో పలకా, ఒక్కో పగులూ తుడవడం మొదలెట్టాడు. ఆ తోలులో పగుళ్లు వేలెడు లోతున్నాయి. ఒక్కోదాంట్లో నూనె నాననిచ్చి, గుడ్డ మెలితిప్పి లోపలికి దూర్చి, బయటకు తీసి, వేలితో తడిమి చూసి, తరువాతి దానికి జరిగేవాడు. జానెడు జరగడానికి పావుగంట.

ఒంటిగంటయింది. నా కాగితం బ్యాగులోనే ఉంది, నేను తీయలేదు. సోమమ్మ ఆకుమూట విప్పింది. ఉడకబెట్టిన అడవిదుంపలు. ఒక ముక్క తుంచి ముందు చెట్టు మొదట్లో పెట్టి, తరువాత మాకు పంచింది. నాన్న ఎర్రబడ్డ చేతులతోనే దుంప పట్టుకుని కళ్లు మూసుకుని ఎప్పటిలాగే భోజన ప్రార్థన చేశాడు. ఆయన ఆమెన్ అనేదాకా సోమమ్మ నోట్లో పెట్టుకోకుండా ఆగింది. దుంపలు చప్పగా, కొంచెం జిగటగా ఉన్నాయి. నాకు మాత్రం బాగా ఆకలేసింది, మళ్లీ అడిగి పెట్టించుకున్నాను.

తిన్నాక మళ్లీ పని. తుడుస్తూ తుడుస్తూ నాన్న మాట్లాడడం మొదలెట్టాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు. "ఇక్కడ పలక వెడల్పు. ఇక్కడ పిడుగో ఏదో తగిలింది, మానిపోయింది. ఇటు ఉత్తరం, తడిగా ఉంది, నాచు పట్టింది. ఇక్కడేదో పురుగు ఇల్లు కట్టుకుంది, దాన్ని వదిలేస్తున్నాను. ఇదిగో బుడిపె మళ్లీ వచ్చింది, అంటే చుట్టు పూర్తయ్యింది." మేము నలుగురం కింద కూర్చుని వింటున్నాం. ఉదయం కనిపించట్లేదన్న మనిషే ఇప్పుడు మాకు చెబుతున్నాడు. మేం చూసింది లావూ, ఎత్తూ. ఇవేవీ మేం చూడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాగు మీద ఎండ పోయింది. నాన్న నడుం పట్టుకుని లేచి, "అమ్మా, చూసుకో" అన్నాడు సోమమ్మతో.

ఆమె చెట్టు చుట్టూ వంగి వంగి చూస్తూ తిరిగింది. నేనూ ఆమె వెనకే తిరిగాను. వాగు వైపు ఒక లోతైన పగులులో చిటికెన వేలి గోరంత ఎరుపు మిగిలిపోయింది. గుడ్డ కోసం చెయ్యి చాపాను. సోమమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పోనీలే, ఉండనీ. చూసిపోయినోడి గుర్తు" అంది మెల్లగా. తరువాత గట్టిగా, "అంతా పోయింది తాతా" అంది.

నాన్న తలూపాడు. కండెను దారంతో సహా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వద్దనలేదు, కొంగున కట్టుకుంది.

కిందికి

మారేడుమిల్లి వచ్చేసరికి మా బొంగు ఎవరికో అమ్మేశారు. జలపాతం దారి మూసే వేళయింది. లచ్చిరెడ్డికి ఇస్తామన్నది ఇచ్చాను. మద్దిచెట్టు చూపించమని మళ్లీ ఎవరైనా వస్తే ఏం చెప్పాలో తెలియట్లేదని నవ్వుతూ వెళ్లిపోయాడు.

 రంపచోడవరం దాటాక వెంకట్రావుగారు ఉండబట్టలేక అడిగారు. "మేస్త్రిగారూ, ఇంతకీ ఆ చెట్టు ఎన్ని పడవలండి?"

నాన్న ఆలోచించాడు. "లెక్క కట్టడం మర్చిపోయాను వెంకట్రావూ" అన్నాడు.

నేను వెనక సీట్లోంచి ఆయన భుజం మీద చెయ్యి వేసి, అరిచినందుకు ఏమీ అనుకోకు నాన్నా అన్నాను. "హెడ్మాస్టరమ్మలు అరవకపోతే బడి నడుస్తుందా" అన్నాడు. చొక్కా నిండా ఎరుపూ, నూనే. ఇప్పనూనె వాసన కారులోంచి వారం దాకా పోలేదని తరువాత వెంకట్రావుగారు చెప్పారు.

ఈస్టరు తరువాత

పైదంతా డిసెంబరులోనే రాసి పెట్టాను, ఇది ఇప్పుడు కలుపుతున్నాను. ఈస్టరుకు నాన్న వేకువ ఆరాధనకు వచ్చాడు, కొవ్వొత్తుల వెలుగు తెలుస్తోందన్నాడు. ఆ తరువాతి వారానికి అదీ పోయింది. ఒక పొద్దున్న లేచి, "తెల్లారలేదా ఇంకా?" అని అడిగాడు. అప్పటికి ఎండ గుమ్మంలోకి వచ్చేసింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆయనకు అర్థమైంది.

మే నెల ఎండల్లో ఒక మధ్యాహ్నం, వరండాలో కూర్చుని ఉండగా అడిగాడు.

"ఇప్పుడు వాగు ఎండిపోయుంటుంది కదమ్మా. ఆ చెట్టుకి గాటు పెట్టుంటారు."

"పెట్టే ఉంటారు నాన్నా."

"నా గీత మొత్తం పోయింది కదా?"

ఆదివారం పిల్లలకు అబద్ధమాడకూడదని నేర్పించేదాన్ని నేను. "పోయింది నాన్నా. అంతా పోయింది" అన్నాను.

 నాన్న బొటనవేలితో చూపుడువేలి కొస రుద్దుకుంటూ, "వాగు వైపు, లోతు పగుల్లో ఒక చోట ఉండిపోయింది. వేలికి తగిలింది" అన్నాడు. "ఇంకోసారి నూనె పెడదామనుకున్నాను. సీసాలో చూస్తే అడుగంటింది. అది ఆవిడ కూరల్లోకి తెచ్చుకున్న నూనె. అందుకే ఆవిణ్ణి చూసుకోమన్నాను, ఆ ఎరుపు ఉండొద్దంటే ఇంకెలాగైనా తీసేవాణ్ణి."

"మరి అంతా పోయిందంటే తలూపావేంటి?"

"ఉండనీ అంది కదమ్మా. కళ్లు పోయాయి గానీ చెవులున్నాయి నాకు."

 కుండలోంచి గ్లాసుతో మంచినీళ్లు ముంచి తెచ్చి ఆయన చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, ఆపకుండా తాగేశాడు.